ఖాళీల్లేని పెట్టెలు

ఇంటి నుంచి,
మంగళవారం పొద్దున్న

మా బుజ్జికి నాన్న రాసేది.

నీ కవరు నిన్న మధ్యాహ్నం అందింది. అప్పట్నుంచి నా కాళ్ళు నేల మీద లేవు. మీ అమ్మ కుట్టుమిషన్ ఆపి, "ఏంటా నవ్వు? లాటరీ తగిలిందా?" అంది. "దాని తాత తగిలాడు. మన పిల్ల ఇప్పుడు పనిచేస్తున్న కొండ, ఒకప్పుడు నేను పనిచేసిన కొండేనట" అన్నాను. "రాళ్ళని చూసి మురిసిపోయే సంత మొత్తం నా కొంపలోనే పడింది" అని మళ్ళీ మిషన్ తొక్కడం మొదలుపెట్టింది.

పాత రిపోర్టులోంచి నువ్వు తీసి పంపిన ఫోటో చూశాను. అది నా పెట్టే! నా చేతిరాతే! ఏడంకె నడుముకి అడ్డగీత పెట్టేవాణ్ణి ఆ క్యాంపు మొత్తానికి నేనొక్కణ్ణే. ముప్ఫై రెండేళ్ళ కింద తెల్లరంగులో కుంచె ముంచి వేసిన అంకె. ఏడో క్లాసుతో బడి మానేసినవాడి రాత, అంత చదువు చదివిన కూతురి బల్ల మీదికి వచ్చి కూర్చుంది. పక్కింటి మాస్టారికి చూపించాను. పోస్ట్‌మాన్‌కీ చూపించాను. "ఇవి రాళ్ళు కదండీ" అన్నాడు పాపం. వాడికేం తెలుసు.

నీకు తెలిసిందే అయినా చెప్పుకోనీ. డ్రిల్లింగ్ మిషన్ కొండలోకి దిగి, లోపలి రాయిని గుండ్రటి కడ్డీలా కోసి పైకి తెచ్చేది. ఆ ముక్కల్ని కడిగి, ఎంత లోతులోది అంత లోతు వరసలో చెక్కపెట్టెల్లో పేర్చడం నా పని. పక్క క్యాంపు పెట్టెలు చూస్తే మధ్యమధ్య బోసిగా, చూడబుద్ధయ్యేది కాదు. నా పెట్టెల్లో వేలు దూర్చడానికి సందు ఉండేది కాదు, తెలుసా? రిపోర్టు రాసే పెద్దసారు వచ్చినప్పుడు "పెట్టె అంటే ఇలా ఉండాలి" అని అందరి ముందూ అన్నారు. ఆ మాట ఇన్నేళ్ళుగా దాచుకున్నాను.

ఫోన్ చెయ్యకమ్మా. ఆ మిషన్ల పక్కన ఇరవై ఏళ్ళు నిలబడ్డ చెవులివి. ఫోన్లో నీ గొంతు జల్లెడలోంచి పోసినట్టు సగమే దిగుతుంది. కాగితం మీదైతే ఒక్క అక్షరం పోదు. ఇంతకీ కంప్యూటర్లో కొండని ఏం చేస్తారే? అందులోకి ఎలా ఎక్కించావు అంత కొండని?

ఆనందం పట్టలేని
మీ నాన్న


కొండ కింద, సైటు ఆఫీసు
శుక్రవారం

నాన్నా,

పోస్ట్‌మాన్‌కి కూడానా! నీతో వేగలేం.

కొండని ఎలా ఎక్కించానంటే, ముక్కలు చేసి. కొండ బొమ్మ గీసి దాన్ని చిన్నచిన్న ముక్కలుగా విడగొడతాను. నలభై రెండు వేల ముక్కలు. ప్రతి ముక్కకీ నీ బరువింత, నీ గట్టితనమింత, ఇంత తోస్తే జారతావు అని చెబుతాను. తర్వాత కొండ పాదం దగ్గర కొంత తవ్వినట్టు తీసేస్తాను. పక్కది పోతే ప్రతి ముక్కా కాస్త సర్దుకుంటుంది, దాని పక్కదాన్ని తోస్తుంది. కంప్యూటర్ ఒక్కో ముక్క దగ్గరికీ వెళ్ళి "నిలబడ్డావా?" అని అడుగుతుంది. అన్నీ నిలబడ్డామనేదాకా, వేలసార్లు. అప్పుడు కొండ ఎంత కదిలిందో అంకె వస్తుంది.

ఇక్కడ జరుగుతున్నది ఇది. రోడ్డు వెడల్పు చెయ్యడానికి కొండ పాదాన్ని నాలుగు మెట్లుగా తవ్వుతున్నారు. రెండు అయ్యాయి. మా రేకుల గది కిటికీలోంచి చూస్తే కొండ భుజం మీద ఎనభై మూడు ఇళ్ళు. నువ్వున్నప్పుడు అక్కడ ఇళ్ళు లేవు కదూ? ఆ గోడల మీద పంతొమ్మిది చోట్ల అద్దపు బిళ్ళలు అతికించాం. ఎదురుగా పెట్టిన యంత్రం రోజూ అవి ఎంత జరిగాయో కొలుస్తుంది. నా లెక్క ప్రకారం రెండు మిల్లీమీటర్లు జరగాలి. తొమ్మిది జరిగాయి.

తేడా ఏడు. ఒక పెన్సిల్ మందం. పెద్దింజనీరు గారు "రిపోర్టులో పై నుంచి కింది దాకా గట్టి రాయి అని ఉంటే ఎందుకు జరుగుతుంది? ముందు కొలతలు సరిచూసుకో" అన్నారు. మూడుసార్లు చూశాను. ఒకటో తారీఖున మూడో మెట్టు తవ్వుతారు. నాకు భయంగా ఉంది నాన్నా. ఈ మాట ఇక్కడెవరికీ చెప్పలేదు.

అన్నట్టు, నీ పెట్టెల్లో వేలు దూర్చే సందు లేదన్నావు. ప్రతిసారీ రాయి పూర్తిగా వచ్చేదా? ఒక్కసారైనా ముక్క తగ్గేది కాదా? తీరిగ్గా రాయి. చదవడానికి సరదాగా ఉంటుంది.

నీ
బుజ్జి


ఇంటి నుంచి,
సోమవారం

బంగారు తల్లికి,

నలభై రెండు వేల ముక్కల్నీ పేరుపేరునా పలకరిస్తుందా! పెళ్ళిలో మీ పెద్దత్త కూడా అంతమందిని పలకరించలేదు. మీ అమ్మకి చదివి వినిపిస్తే, చేతిలో గుడ్డ పక్కన పెట్టేసింది. "మరి అన్నిట్లో ఒక్కటి నిలబడలేనంటేనో?" అంది. చూశావా, బట్టలు కుట్టే మనిషి అడిగే ప్రశ్నేనా అది! నువ్వు చెప్పు.

నువ్వు భయపడకు. నువ్వు లెక్కకట్టాక తప్పు ఎలా వస్తుంది? యంత్రమే సరిగ్గా చూసి ఉండదు.

ముక్కలు తగ్గేవా అని అడిగావు కదా. తగ్గకేం! మూడు మీటర్లు కోస్తే ఒక్కోసారి జానెడు, ఒక్కోసారి బెత్తెడు తక్కువ వచ్చేది. సూపర్‌వైజర్ "పళ్ళూడిన నోరులా ఉందిరా నీ పెట్టె" అని అరిచేవాడు. ఒకసారి దానికి నా కూలీ కోస్తానన్నాడు. నేనూరుకుంటానా? చిత్తుముక్కలు వేసుకునే గోనెసంచి ఒకటి పెట్టుకున్నాను. పాత బోర్లలో మిగిలినవి, అదే రంగువి. సందు ఎంతుందో చూసి, సరిపోయే ముక్క ఏరి, కొసలు ఆకురాయితో కాస్త అరగదీసి కూర్చోబెడితే, దేవుడు దిగొచ్చినా అతుకు కనిపెట్టలేడు. పదిహేను రోజులకోసారి పెద్దసారు వచ్చి చూసి రాసుకునేవారు. రిపోర్టులో అంత చక్కగా పడ్డాయంటే మరి ఊరికే పడ్డాయా? ఈ కిటుకు ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. నువ్వు మా పిల్లవి కాబట్టి చెప్పాను.

మురిసిపోతున్న
మీ నాన్న


సైటు ఆఫీసు
గురువారం

నాన్నా,

అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని చదువు.

గట్టి రాయి ఎప్పుడూ పూర్తిగానే పైకొస్తుంది. తగ్గిందంటే, అక్కడ మెత్తటిదేదో ఉండి డ్రిల్లింగ్ నీళ్ళకి కొట్టుకుపోయిందన్నమాట. పెట్టెలో ఆ సందు అలాగే ఉండాలి. ఇక్కడ ఏదో ఉండేది, చేతికి రాలేదు అని కొండ చెప్పేది అక్కడే. నీ పెట్టెల్లో సందు లేదు కాబట్టి పెద్దసారు నూటికి నూరు గట్టి రాయి అని రాశారు. ముప్ఫై రెండేళ్ళుగా అందరూ అదే నమ్మారు. నేను నా నలభై రెండు వేల ముక్కలకీ ఆ గట్టితనమే ఇచ్చాను.

నిన్ను తిట్టడానికి కాదు ఇది. నీకు ఎవరూ చెప్పలేదు. చెప్పకపోగా తిట్టారు. పైగా నేనూ అదే పని చేశాను. పోయినవారం కొండంతా కాస్త మెత్తగా చేసి చూశాను. ఒక బిళ్ళ దగ్గర తొమ్మిది వచ్చేసింది. పెద్దింజనీరు గారు "ఇంకేం, కుదిరింది కదా" అన్నారు. నాకూ హాయిగా అనిపించింది. ఇంటికెళ్ళి పడుకున్నాను కూడా. కానీ మిగిలిన బిళ్ళల దగ్గర అంకెలు కలవలేదు. కొండంతా మెత్తనైతే కిందివి ఎక్కువ, పైవి తక్కువ జరగాలి. ఇక్కడ పంతొమ్మిదీ ఒక్కలాగే జరుగుతున్నాయి. మొత్తం ఒకే పలకలా, కింద దేని మీదో జారుతున్నట్టు.

నాన్నా, ఒక్కటి నిలబడలేనంటేనో అని అమ్మ అడిగింది. దాని బరువు పక్కవాటి మీద పడుతుంది. అవీ మోయలేకపోతే ఇళ్ళు కిందికి వస్తాయి.

ఆ మెత్తటి పొర ఏ లోతులో ఉందో తెలిస్తే తవ్వకం ఆపించగలను. కొత్త బోరు వెయ్యమంటే పాత రిపోర్టు చూపించి నవ్వుతున్నారు. అందుకని ఇలా చేద్దాం. ఇప్పుడు ఇళ్ళున్న చోటే మీరు వేసిన రెండో బోరులో ముక్క ఎక్కడ తగ్గిందో నీకు గుర్తుంటే రాసి, సోమవారం పోస్టు చెయ్యి. నేను ఆ కవరు విప్పను. పెద్దింజనీరు గారి చేత విప్పిస్తాను. కంప్యూటర్ చెప్పిన లోతు నేనూ రాసి, అదే సోమవారం పొద్దున్న ఒక కాగితం ఆయనకిచ్చి, ఒకటి నీకు పోస్టు చేస్తాను. ముందే నా అంకె చెబితే నీకు అదే గుర్తొచ్చినట్టుంటుంది. అందుకే చెప్పడం లేదు.

నువ్వు చేసిన పని ఆయన చదువుతారు. నీకు అది ఇష్టం లేకపోతే రాయకు. నేనేమీ అనుకోను. ఎప్పటికీ అనుకోను.

బుజ్జి


ఇంటి నుంచి,
సోమవారం

పెద్దింజనీరు గారికి నమస్కారం. ఈ కవరు విప్పేది మీరేనని మా అమ్మాయి రాసింది. నేను చదువుకున్నవాణ్ణి కాదు, తప్పులుంటే సర్దుకుని చదవండి.

ఆ పెట్టెల్లో ముక్కలు పెట్టి సందులు మూసింది నేనే. ఎవరూ పెట్టమనలేదు. సూపర్‌వైజర్ తిట్టింది నిజమే, కానీ గోనెసంచి నాది, చెయ్యి నాది. పెట్టె అందంగా ఉండాలనుకున్నాను. మా అమ్మాయి ఉత్తరం అందినప్పట్నుంచి అన్నం సయించడం లేదు. మా ఆవిడ "అప్పుడు తెలియదు కదా" అంటోంది. తెలియకపోతే అడగొచ్చు కదా అని నాకు అనిపిస్తోంది. నన్ను ఏమైనా అనండి, పడతాను. మా అమ్మాయిని మాత్రం ఏమీ అనొద్దు.

రెండో బోరు సంగతి. అది మర్చిపోయే రోజు కాదండీ. కొండ భుజం మీద, మధ్యలో వేశాం. డ్రిల్లర్‌ని మేం పొడుగన్న అనేవాళ్ళం. మిషన్ ఒకటే గొంతుతో గీపెడుతూ ఉన్నదల్లా, ఉన్నట్టుండి సన్నగా అయిపోయింది. కొండలోకి దించే ఇనుప కడ్డీ తనంతట తనే సర్రున దిగింది. పొడుగన్న లీవర్ వదిలేసి "ఓరి దీని దుంపతెగ!" అని వెనక్కి గెంతాడు. బోరులోంచి పైకొచ్చే నీళ్ళు అప్పటిదాకా బూడిదరంగు. అవి పాలు ఎక్కువైన టీ రంగుకి మారి, తర్వాత మొత్తానికే రావడం మానేశాయి. పోసిన నీళ్ళన్నీ కొండ తాగేసింది. మిగతా రోజంతా ముగ్గురం కిందికీ పైకీ నీళ్ళు మోశాం.

నేనే కడ్డీలు లెక్కపెట్టి అందించేవాణ్ణి. ఒక్కోటి మూడు మీటర్లు. పది పూర్తిగా దిగాయి. పదకొండోది సగం దిగినప్పుడు ఇది జరిగింది. అంటే ముప్ఫై ఒకటిన్నర మీటర్లు. సాయంత్రం కడ్డీలు పైకి తీస్తే రాయి జానెడు తక్కువ. ఆ జానెడూ నేనే నింపాను.

బుజ్జీ, ఇది నీకు. నీ అంకె వేరేదైతే నీదే సరైనది. నాది కొట్టెయ్యి.

మీ నాన్న


సైటు ఆఫీసు
సోమవారం

నాన్నా,

మెత్తటి పొరని ఐదు మీటర్ల దగ్గర్నుంచి యాభై దాకా ఒక్కో మీటరూ దించుకుంటూ పెట్టి చూశాను. రెండో బోరు దగ్గర అది ముప్ఫై ఒకటిలో ఉన్నప్పుడు మాత్రమే పంతొమ్మిది బిళ్ళలూ తొమ్మిది జరుగుతున్నాయి. అర మీటరు అటూ ఇటూ ఉండొచ్చు. పొర మందం జానెడు లోపే.

కాగితం ఆయన బల్ల మీద పెట్టి వచ్చాను. నువ్వు రాశావో లేదో నాకు తెలియదు.

బుజ్జి


ఇంటి నుంచి,
గురువారం, కవరు విప్పిన పావుగంటకి

అమ్మా, తల్లీ,

ముప్ఫై ఒకటిన్నర నాది. ముప్ఫై ఒకటి నీది.

కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. మీ అమ్మ చేత చదివించాను. అది కూడా "ముప్ఫై ఒకటి" అనే చదివింది.

నేను ఆ బోరు పక్కన నిలబడ్డాను. ఆ నీళ్ళ రంగు కళ్ళతో చూశాను. ఆ జానెడు చోటుని ఈ చేత్తోనే మూసేశాను. నువ్వు దాన్ని చూడలేదు, ముట్టుకోలేదు, అది జరిగిన రోజున నీకు పాలపళ్ళు. ఎక్కడో గోడల మీద అద్దపు బిళ్ళలు పెన్సిల్ మందం జరిగితే, కొండ కడుపులో అంత లోతున ఏముందో ఎలా పట్టుకున్నావే? అది అక్కడుందని కొండకీ, ఆ రోజు బోరు దగ్గరున్న మా ముగ్గురికీ తప్ప ఎవరికీ తెలియదు. చూడకుండా తెలుసుకున్నదానివి నువ్వొక్కదానివే.

సిగ్గు పోలేదు. అది పోదు. కానీ దాన్ని పక్కకి నెట్టేసి ఇంకేదో పెద్దది వచ్చి కూర్చుంది. దానికి పేరేంటో నాకు రావడం లేదు.

తవ్వకం ఆపారా? అది ఒక్క ముక్క వెంటనే రాయి.

నాన్న


సైటు ఆఫీసు
ఆదివారం

నాన్నా,

ఆపారు!

నీ కవరు గురువారమే వచ్చింది. విప్పకుండా తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టాను. పోస్టు ముద్ర మీద తారీఖు చూశారు, విప్పారు, నిలబడే చదివారు. "దీని దుంపతెగ" దగ్గర నవ్వబోయి ఆపుకున్నారు. పది కడ్డీల దగ్గరికొచ్చాక కుర్చీ లాక్కుని కూర్చున్నారు. నా కాగితం సొరుగులోంచి తీసి పక్కన పెట్టారు. ఫ్యాను తిరుగుతోంది, రెండు కాగితాలూ రెపరెపలాడుతున్నాయి, రెండు చేతులతో వాటిని అదిమిపట్టుకుని చూస్తూనే ఉన్నారు.

"మీరిద్దరూ ఫోన్లో మాట్లాడుకోలేదు కదా?" అన్నారు.

"మా నాన్నకి ఫోన్లో వినపడదండీ. మీ డ్రిల్లింగ్ మిషన్లే చెవులు తినేశాయి" అన్నాను.

ఆయన లేచి, బయటికెళ్ళి, తవ్వే మిషన్ డ్రైవర్‌ని దింపి, తాళం చెవి తెచ్చి బల్ల మీద పెట్టారు. "మీ నాన్నగారిలా సంతకం పెట్టి ఒప్పుకునేవాళ్ళు మన ఆఫీసులో ఇంకో ఇద్దరుంటే బాగుండు" అన్నారు. నేను బాత్రూమ్‌లోకెళ్ళి ఏడ్చి వచ్చాను.

ఇప్పుడు కింది రెండు వరసల ఇళ్ళవాళ్ళని వేరే చోటికి పంపిస్తున్నారు. కొత్త బోరు వేస్తారు. ఈసారి నీళ్ళు తగ్గించి, నెమ్మదిగా. తవ్విన పాదం దగ్గర బండరాళ్ళు తిరిగి పోసి దన్ను ఇవ్వాలి. కొండలో చేరిన నీళ్ళు బయటికి పోయేలా గొట్టాలు దించాలి. ఇదంతా మోడల్‌లో చేసి చూశాను. కొండ ఇంకో నాలుగు మిల్లీమీటర్లు జరిగి, రెండు నెలల్లో ఆగాలి. ఆగకపోతే అందర్నీ శాశ్వతంగా లేపేయాల్సిందే.

ఇంత పెద్ద కొండ గురించి ఇలా ముందే రాసి సంతకం పెట్టడం నాకు ఇదే మొదటిసారి. రెండు నెలలు నిద్ర పట్టదేమో. ఆగే రోజుకి నువ్వు రావాలి.

బుజ్జి


ఇంటి నుంచి,
బుధవారం, తవ్వకం ఆపిన రెండు నెలలకి

మా బుజ్జికి,

నీ దగ్గర్నుంచి బయల్దేరి నిన్న రాత్రి బస్సు దిగాను. ఒళ్ళంతా హూనమైంది, మనసు మాత్రం ఇంకా అక్కడే తిరుగుతోంది. మీ అమ్మకి చెప్పిందే చెబుతున్నాను. "ఇంక చాలు, నాకూ ఆ కొండ కంఠతా వచ్చేసింది" అంటోంది. మధ్యలో ఆపితే మాత్రం "తర్వాత?" అంటోంది.

కొత్త బోరులోంచి తీసిన ఆ బంకమట్టి నా అరచేతిలో పెట్టావు చూడు, తల్లీ, అంత కొండని అంతే మట్టి మోసిందా? జానెడు మందమైనా లేదు. నున్నగా, చల్లగా, పాలు ఎక్కువైన టీ రంగులో. వేళ్ళ మధ్య రుద్దితే సబ్బులా జారింది. కొలిచే అబ్బాయి దుర్భిణిలోంచి తలెత్తి "నిన్నటికీ ఇవాళ్టికీ సున్నా మేడమ్, వారంగా సున్నా" అన్నప్పుడు నువ్వు గుండెల నిండా గాలి పీల్చావు. అప్పటిదాకా నువ్వు ఊపిరి సరిగ్గా పీల్చడం లేదని నాకు అప్పుడు తెలిసింది. తవ్వకం ఆపాక జరిగింది మూడున్నర. నువ్వు చెప్పింది నాలుగు. జారే కొండకి ఎక్కడ ఆగాలో నువ్వు ముందే రాసిపెట్టినట్టుంది. నాకు దండం పెట్టాలనిపించింది. కూతురికి పెడితే ఆయుష్షు తగ్గుతుందేమోనని కొండకి పెట్టాను.

ఇప్పుడు అసలు పని. నువ్వు మీటింగుకి వెళ్ళినప్పుడు నేను పైకెళ్ళాను. కింది వరసవాళ్ళు తిరిగొచ్చేశారు. ఒకావిడ గుమ్మం దగ్గర ఇటుకలు దింపించుకుంటోంది. నన్ను చూసి, "ఏం బాబాయిగారూ, ఆఫీసు తాలూకా?" అంది. "ఆఫీసులో మా అమ్మాయి ఉంది" అన్నాను, ఛాతీ రెండంగుళాలు పెరిగింది. "అయితే మీరే చెప్పండి. కోడలొస్తోంది, మేడ మీద ఒక గది వేద్దామనుకుంటున్నాం. మమ్మల్ని రెండు నెలలు బయట ఉంచి, ఇప్పుడు ఏం పర్లేదు రమ్మన్నారు. ఈ నేల మోస్తుందా మోయదా?" అంది.

మేస్త్రీ కూడా పని ఆపి నా వైపే చూస్తున్నాడు. కాలితో నేల తొక్కి చూశాను. రాయిలా ఉంది. మోస్తుందమ్మా అని నాలిక చివరిదాకా వచ్చింది. ఆవిడ మొహం చూస్తే అదే వినాలని ఉంది.

"నాకు తెలియదమ్మా" అన్నాను. "తెలిసినవాళ్ళని అడిగి చెబుతాను. అందాకా మొదలుపెట్టకండి."

"అదేంటి, ఇంత వయసొచ్చి తెలియదంటారు!" అని మేస్త్రీ వెక్కిరించాడు. పోనీ. ఆవిడ మాత్రం లోపలికెళ్ళి కుర్చీ తెచ్చి వేసి, కొలతలన్నీ చెప్పింది.

ఇల్లు నలభై ఆరో నెంబరు, కింది వరస, చివరి నుంచి మూడోది. గది పన్నెండు అడుగులు పొడుగు, పది వెడల్పు. ఇటుక గోడ. పైన రేకులా స్లాబా ఇంకా అనుకోలేదట, అందుకని రెండు రకాలుగానూ చూడు. వచ్చే మంగళవారం లోపు చెబుతానని మాటిచ్చాను. ఇటుకలు వానకి తడవకుండా కప్పమన్నాను.

కంప్యూటర్ని అడిగి రాయమ్మా. తొందరపడకు, సరిగ్గా అడుగు.

మీ నాన్న